ట్రినిడాడ్‌లో ఒక రోజు: పొద్దున డబుల్స్, సాయంత్రం ఎర్ర కొంగలు

అందరికీ నమస్కారం. కరీబియన్ అనగానే మనకు తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్టు, ఊయల గుర్తొస్తాయి. ట్రినిడాడ్‌కి మాత్రం ఆ బొమ్మ పక్కన పెట్టి రండి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కారులో బయల్దేరి, పడమటి తీరం అంతా ఒక్క రోజులో ఎలా చుట్టి రావాలో చూద్దాం. ముందు దూరంగా ఉన్న చోటికి వెళ్లి, వెనక్కి వస్తూ మిగతావి చూసుకోవాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

సూట్‌కేసు సర్దేటప్పుడే రెండు జాగ్రత్తలు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. తిరిగి మన ఎయిర్‌పోర్టులో దిగాక ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. రెండోది, మిలిటరీ ప్రింట్ బట్టలు తీసుకెళ్లొద్దు. పిల్లల నిక్కరైనా సరే, అక్కడ చట్టం ఒప్పుకోదు.

సరే, పొద్దున్నే టిఫిన్. రోడ్డు పక్క బండి దగ్గర ‘డబుల్స్’ అడగండి. మెత్తటి బారాలు (నూనెలో వేయించిన చిన్న రొట్టెలు) రెండు, మధ్యలో సెనగల కూర, కాగితంలో చుట్టి ఇస్తారు. పెప్పర్ ఎంత అని అడుగుతారు. అది మిరియాలు కాదండీ, మిరపకాయల సాస్. గుంటూరు వాళ్లం, మనకేంటి అనుకుని గట్టిగా వేయమన్నాను. ఆ తర్వాత గంటసేపు కారులో ఎవరితోనూ మాట్లాడలేదు. మీరు ‘స్లైట్’ అనండి, కొంచెమే వేస్తారు.

అక్కడి నుంచి దక్షిణాన లా బ్రే అనే ఊరికి. ఎండ ముదరక ముందే చేరాలి, ఎందుకంటే మీరు నడవబోయేది తారు మీద. సుమారు 100 ఎకరాల తారు చెరువు ఇది. ప్రపంచంలో సహజంగా ఏర్పడిన తారు నిల్వల్లో ఇదే పెద్దది. చూడగానే, కాంట్రాక్టరు రోడ్డు మధ్యలో వదిలేసి పారిపోయినట్టుంటుంది! కానీ 1595లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల చిల్లులు ఈ తారుతోనే పూడ్చుకున్నాడు. మెత్తటి చోట్ల కాలు దిగబడుతుంది, అందుకని గైడ్ అడుగులోనే అడుగు వేయండి.

తిరుగుదారిలో వాటర్‌లూ దగ్గర ఆగండి. సముద్రంలోకి కట్టిన గుడి ఇది. భారత్ నుంచి కూలీలతో మొదటి ఓడ, ఫతేల్ రజాక్, 1845 మే 30న ఈ దీవికి వచ్చింది. తర్వాత మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అలా వచ్చిన ఒక కూలీ కుటుంబంలోని శివదాస్ సాధు ఒక గుడి కట్టుకుంటే, స్థలం చక్కెర కంపెనీది అని కూలగొట్టి, ఆయన్ని జైల్లో పెట్టారు. నేల కంపెనీది కాబట్టి వద్దంటున్నారు, మరి సముద్రం ఎవరిది అనుకున్నాడాయన. సైకిల్ మీద రాళ్లు మోసుకెళ్లి, ఏళ్ల తరబడి నీళ్లలో కట్టాడు. ఇప్పుడున్న గుడి 1995లో మళ్లీ కట్టింది. ఇక్కడ హడావిడి పడకండి, కాసేపు గట్టు మీద కూర్చోండి.

నాలుగింటికల్లా మాత్రం కరోని చిత్తడి నేలల దగ్గర పడవ రేవులో ఉండాలి. మడ చెట్ల మధ్య పడవ నెమ్మదిగా వెళ్లి ఆగుతుంది. పొద్దు వాలుతుంటే స్కార్లెట్ ఐబిస్‌లు గుంపులుగా వచ్చి పచ్చటి చెట్ల మీద వాలతాయి. ఎర్ర కొంగలు అందాం. చెట్టుకి కుంకుమ చల్లినట్టే! వీటి ఎదిగే పిల్లలు గోధుమ రంగులో ఉంటాయి, పీతలూ రొయ్యలూ తింటూ ఎర్రబడతాయి. పడవలో గట్టిగా మాట్లాడొద్దు. దోమల మందు మర్చిపోవద్దు. ఫోన్ కెమెరాకి ఇవి చుక్కల్లా కనిపిస్తాయి, బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి.

ఇంకా బీచ్ కావాలా? మర్నాడు పక్క దీవి టొబాగోకి వెళ్లండి, విమానంలో అరగంట కూడా పట్టదు. గాజు అడుగున్న పడవలో బుకూ రీఫ్ అనే పగడాల దిబ్బ మీదుగా నైలాన్ పూల్‌కి తీసుకెళ్తారు. సముద్రం మధ్యలో నడుము లోతు నీళ్లు, కింద తెల్లటి ఇసుక. దిగి నిలబడండి, ఇసుక మీదే, పగడాల మీద కాదు.