ఇంట్లో సినిమా చూస్తూ అందులో మునిగిపోవాలంటే

[తెర నల్లగా ఉంటుంది. వాన చప్పుడు.]

మొన్న రాత్రి ఇంట్లో ఒక్కడినే కూర్చుని సినిమా చూస్తున్నాను. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒక పెద్దాయన. చేతిలో ఒక చెప్పుల జత. లోపల ఉన్న భార్యవి. మాట లేదు, మ్యూజిక్ లేదు. నాకు గొంతు పట్టేసింది. సరిగ్గా అప్పుడే పక్కన ఫోన్ వెలిగింది. ఏదో మెసేజ్. మూడు సెకన్లు చూసి బోర్లా పెట్టేశాను. తలెత్తి చూస్తే అదే బెంచీ, అవే చెప్పులు. కానీ ఇందాకటి దాకా అక్కడ ఒక భర్త కూర్చున్నాడు. ఇప్పుడు ఒక నటుడు కూర్చున్నాడు.

ఆ మూడు సెకన్లలో నేను పోగొట్టుకున్నదేంటో చెప్పడానికే ఈ వీడియో.

[కనురెప్పల క్లోజప్. ఒకటి, రెండు, పది జతల కళ్లు.]

2004లో మెదడు మీద పరిశోధన చేసే ఉరి హసన్ బృందం ఐదుగురికి, ఎవరికి వాళ్లకే విడిగా, ఒకే సినిమాలో అరగంట చూపించి వాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. మెదడులో చాలా చోట్ల చురుకుదనం అందరిలోనూ ఒకే తీరులో పెరిగి, ఒకే తీరులో తగ్గింది. నాకు దీనికంటే ముచ్చటైనది 2009లో జపాన్‌లో తమామి నకానో బృందం గమనించిన సంగతి. కథ ఉన్న వీడియో చూసేటప్పుడు వేర్వేరు మనుషులు దాదాపు ఒకే క్షణంలో రెప్ప వేస్తున్నారు. ఒక పని ముగిసిన చోట, ముఖ్యపాత్ర తెర మీద లేని చోట. కథ లేని వీడియో పెడితే ఆ పొందిక కనిపించలేదు. అంటే మునిగిపోయినప్పుడు మన రెప్పలు కూడా కథ ఎప్పుడు వదిలితే అప్పుడే పడుతున్నాయన్నమాట.

మరి ఆ మునక ఎందుకు చెడుతుంది? వెయ్యేళ్ల కిందటే కశ్మీరు పండితుడు అభినవగుప్తుడు దీని గురించి ఆలోచించాడు. నాట్యశాస్త్రానికి ఆయన రాసిన వ్యాఖ్యానంలో ఏడు రసవిఘ్నాలు, అంటే రసానుభూతికి అడ్డొచ్చేవి, చెప్పాడు. అందులో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుని ఉండటం. దానికి విరుగుడుగా ఆయన చెప్పినవి వాద్యాలు, పాట, ముస్తాబు చేసిన మండపం. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. థియేటర్ చేసే పని అదే కదా! ఇంట్లో మాత్రం మన సుఖదుఃఖాలన్నీ కళ్లెదురుగానే ఉంటాయి. మడతపెట్టాల్సిన బట్టలు, రేపు ఉదయం మీటింగ్, తలుపు చప్పుడు. ఆ మండపాన్ని ఇక్కడ మనమే కట్టుకోవాలి.

[టీవీ వెనక వైపు నుంచి షాట్.]

చాలామంది ముందు పెద్ద టీవీ కొంటారు. నేనైతే సౌండ్‌తో మొదలుపెట్టమంటాను. టీవీ పలచబడే కొద్దీ స్పీకర్లకు చోటు లేకుండా పోయింది. చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అందుకే గుసగుసలు వినపడవు, వాల్యూమ్ పెంచితే ఫైట్ రాగానే ఇల్లంతా అదిరిపోతుంది, చేయి రిమోట్ మీదే ఉంటుంది. వాల్యూమ్ గురించి ఆలోచిస్తున్న మనిషి కథలో లేడు. 5.1 సౌండ్‌లో, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసిన సౌండ్‌లో, డైలాగులు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. మీ దగ్గర రెండే స్పీకర్లుంటే ఆడియో సెట్టింగ్‌లో స్టీరియో పెట్టి చూడండి, మాట తేటపడొచ్చు. రాత్రిపూట, పెద్ద చప్పుళ్లను తగ్గించే నైట్ మోడ్ ఉంటే వాడండి. ఒక్కరే చూస్తుంటే మంచి హెడ్‌ఫోన్స్‌ను మించినది లేదు. పాత్ర ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది.

బొమ్మ విషయం చిన్నదే. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. చాలా టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తాయి, సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. ఆ మోషన్ సెట్టింగ్ ఆపేయండి, లేదా సినిమాను తీసినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. 55 అంగుళాల టీవీకి ఏడున్నర అడుగుల దూరంలో కూర్చుంటే తెర మన చూపులో 30 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంతకంటే బాగా వెనక్కి వెళ్తే అది గదిలో ఒక వస్తువుగా మిగిలిపోతుంది.

[ఖాళీ సోఫా. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి.]

ఇక అన్నిటికంటే కష్టమైనది: పాజ్ బటన్. ఇంట్లో మనుషులుంటారు, పిలుస్తారు, లేవాల్సి వస్తుంది. తప్పదు. కానీ మాట మధ్యలో ఆపకండి. సీన్ పూర్తయ్యేదాకా ఆగండి, రెప్ప దానంతట అదే పడే చోట ఆపండి. తిరిగొచ్చాక రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. ఆఫీసు పని ముగించిన మరుక్షణం ప్లే నొక్కకండి, కాసేపు ఊరికే కూర్చోండి. ఫోన్ బోర్లా పెడితే చాలదు, పక్క గదిలో పెట్టాలి.

నేనలాగే పెట్టి, నిన్న ఆ సినిమాను మళ్లీ మొదటి నుంచి చూశాను. ఆసుపత్రి వరండా వచ్చింది. పెద్దాయన చేతిలోని చెప్పుల్లో ఒకదాని పట్టీకి వేరే రంగు దారంతో కుట్టు ఉంది. ఎప్పుడో ఆయనే కుట్టి ఉంటాడు. మొన్న అది నా కంట పడనే లేదు.

[వాన చప్పుడు. తెర నల్లబడుతుంది.]