కేంద్రకాన్ని లాగేదెవరు?

సభకు నమస్కారం. ఇచ్చిన సమయం తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మోటార్ ప్రోటీన్, అంటే కణం లోపల సరుకును కదిలించే ప్రోటీన్, అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ ఒకటే. కణంలో దారిలా పనిచేసే సన్నని గొట్టం మైక్రోట్యూబ్యూల్ మీద రెండు కాళ్లతో నడుస్తూ మూట మోసుకుపోయే కైనెసిన్. అడుగుకు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ, అంటే కణపు ఇంధన అణువు. బొమ్మ తప్పు కాదు, కానీ న్యూరాన్ (మెదడు కణం) పుట్టిన చోటు నుంచి తన స్థానానికి చేసే వలస దగ్గర అది చాలదు. ఇక్కడ మూట ఏకంగా కణపు కేంద్రకమే. దారి మందం 25 నానోమీటర్లు, మూట వెడల్పు వేల నానోమీటర్లు.

పిండం మెదడులో పుట్టిన న్యూరాన్ రేడియల్ గ్లియా అనే సహాయక కణపు పోగును పట్టుకుని కార్టెక్స్ (మెదడు పైపొర) వైపు పాకుతుంది, ఆగి ఆగి పాకుతుంది. ముందు ఒక పొడవాటి కొమ్మ చాస్తుంది. ఆ కొమ్మలో కొంచెం ముందుకు ఉబ్బు వస్తుంది, మైక్రోట్యూబ్యూళ్లు మొలిచే కేంద్రమైన సెంట్రోసోమ్ అందులోకి జరుగుతుంది. అప్పుడు డైనీన్ అనే మరో మోటార్ ప్రోటీన్ కేంద్రకపు పొరను పట్టుకుని, సెంట్రోసోమ్ నుంచి వచ్చిన మైక్రోట్యూబ్యూళ్ల వెంట దాన్ని ముందుకు లాగుతుంది. వెనక నుంచి మయోసిన్-2 అనే ఇంకో మోటారు బిగించి నెడుతుంది. కార్టెక్స్ ముక్కల్లో మయోసిన్‌ను మందుతో ఆపితే సెంట్రోసోమ్ కదులుతుంది, కేంద్రకం మాత్రం కదలదు. ఎల్ఐఎస్1ను (ఇది ఒక జన్యువు పేరు, దాని ప్రోటీన్ పేరూ అదే) తగ్గిస్తే రెండూ నిలిచిపోతాయి.

ఈ ఎల్ఐఎస్1 దగ్గర కాసేపు ఆగాలి. 1993లో ముడతలు లేని మెదడుకు కారణమైన జన్యువుగా 17వ క్రోమోజోమ్ మీద దీన్ని గుర్తించారు. అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. జవాబు వచ్చింది ఎక్కడి నుంచో తెలుసా? బూజు నుంచి! ఆస్పర్జిల్లస్ అనే బూజులో కొన్ని మ్యూటెంట్లు, అంటే జన్యువు చెడిన రకాలు, ఉన్నాయి. వేడి పెంచితే వాటి కేంద్రకాలు బూజు పోగు పొడవునా సర్దుకోకుండా ఒకచోటే గుంపుగా ఉండిపోతాయి. వాటిలో చెడిన జన్యువుల్లో ఒకటి డైనీన్‌ది, మరొకటి మన ఎల్ఐఎస్1కు అచ్చంగా తోబుట్టువు. మెదడు జబ్బు, బూజు జబ్బు రెండూ కేంద్రకం కదలని జబ్బులే. పాఠాల్లో బూజును వదిలేసి నేరుగా మెదడు చెబుతున్నారు. దయచేసి అలా వదిలేయకండి. డైనీన్ వ్యవహారం అర్థమయ్యేది అక్కడే.

ఎల్ఐఎస్1 మోటారు కాదు. ముడుచుకుని ఉన్న డైనీన్ విచ్చుకోవడానికి సాయపడుతుంది. దాని మోతాదు సగానికి పడిపోయినా చాలు, వలస కుంటుపడుతుంది. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మిగిలి ఉన్నా పిల్లల మెదడు నున్నగా ఉండేది అందుకే.

నున్నటి మెదడుకు కారణమయ్యే మరో ప్రోటీన్ డబుల్‌కార్టిన్ సంగతి వేరు. అది మైక్రోట్యూబ్యూళ్లను గట్టిపరుస్తుంది, అంటే దారినే కాపాడుతుంది. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కనుక అది చెడిన అబ్బాయిల మెదడు నున్నగా అవుతుంది. అమ్మాయిలకు రెండు ఎక్స్‌లు, ఒక్కో కణంలో ఒకటే పనిచేస్తుంది; అందుకే వారిలో సగం కణాలు గమ్యం చేరి, మిగతావి నడిదారిలో ఆగి, కార్టెక్స్ కింద మరో పట్టీగా కనిపిస్తాయి.

వైద్య విద్యార్థులకు ఒక్క విన్నపం. ఎంఆర్‌ఐలో నున్నటి మెదడు కనబడితే "ముడతలు పడలేదు" అని అక్కడితో ఆగకండి. మెదడు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పోల్చి చూడండి. వెనక భాగం ఎక్కువ నున్నగా ఉంటే ఎల్ఐఎస్1ను, ముందు భాగం ఉంటే డబుల్‌కార్టిన్‌ను మొదట అనుమానించండి.