ముప్పై నాలుగు మంది ఉన్న బడికి శాతాలెందుకు? పేర్లు రాయండి

నమస్కారం. స్క్రీన్ మీద రెండు అంకెలున్నాయి, చూడండి. ఐదో తరగతిలో తెలుగు కథ చదవగలిగినవాళ్లు పోయినేడు 67 శాతం, ఈ ఏడు 40 శాతం. చూడగానే బడి దెబ్బతిన్నదనిపిస్తుంది. ఇప్పుడు అదే లెక్కను మనుషుల్లో చూద్దాం. పోయినేడు తొమ్మిది మందిలో ఆరుగురు. ఈ ఏడు ఐదుగురిలో ఇద్దరు. ఇంకొక్క పిల్ల చదివి ఉంటే 40 కాస్తా 60 అయ్యేది.

ఇది లెక్క కోసం మేం అనుకున్న బడి. తెలంగాణలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా వరుసగా ఎనిమిది, ఏడు, ఎనిమిది, ఆరు, ఐదు. మొత్తం 34 మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు, ఇద్దరు మనుషులు. అందులో ఒకరు మీటింగుకో సెలవు మీదో వెళ్తే ఆ రోజుకు అది సింగిల్ టీచర్ బడే.

ఇంకో సంగతి. పోయినేటి ఐదో తరగతి వేరే పిల్లలు, వాళ్లు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఈ ఐదుగురిని పోల్చాల్సింది పోయినేడు నాలుగులో ఉన్నప్పటి వీళ్లతోనే. అప్పుడు కథ చదివింది ఒక్కరే అనుకోండి, ఇప్పుడు ఇద్దరు. శాతం పడిపోయిందన్న చోటే నిజానికి పిల్లలు ఒక మెట్టెక్కారు.

మరి ఎలా కొలవాలి? పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతి చిన్న బడికి బాగా సరిపోతుంది. పిల్లను ఒక్కతినే పక్కకు పిలవండి. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వండి. మూడుకు మించి తప్పుల్లేకుండా, పదం పదం విడగొట్టకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. తడబడితే పదాలు. ఐదింటిలో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. పాఠ్యపుస్తకంలో పేజీ మాత్రం ఇవ్వొద్దు. అది కంఠతా వచ్చేసి ఉంటుంది, వేలు ఒక చోట, నోరు ఇంకో చోట నడుస్తుంది. మిగతా పిల్లల ముందు చదివించినా ఫలితం తప్పే, వెనక నుంచి ఎవరో ఒకరు అందిస్తారు.

స్థాయి రాసి వదిలేయకండి, ఎక్కడ ఆగిందో కూడా రాయండి. అక్షరాలన్నీ వచ్చి పదం దగ్గర ఆగితే చాలాసార్లు కారణం గుణింతం. 'కి'కి, 'కీ'కి తేడా పట్టడం లేదు. పదాలు వచ్చి పేరా దగ్గర ఆగితే ఒత్తులు చూడండి. 'అమ్మ' చదువుతుంది, 'రాష్ట్రం' దగ్గర నిలబడిపోతుంది. ఇద్దరినీ 'వెనకబడినవాళ్లు' అని ఒకే వరుసలో కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే. లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండు ఇవ్వండి, రెండూ సరిగ్గా చేస్తేనే వచ్చినట్టు.

ఆ రోజు రాని పిల్లల్ని వదిలేస్తే సగటు దానంతటదే పెరుగుతుంది. తరచూ రానివాళ్లే చదువులో వెనక ఉంటారు కాబట్టి. వాళ్ల కోసం మళ్లీ ఒక రోజు పెట్టాల్సిందే. అసలు హాజరెంతో తెలియాలంటే మధ్యాహ్న భోజనం బియ్యం చూడండి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు 100 గ్రాములు. 2.4 కిలోలు వండారంటే ఆ పూట తిన్నది 24 మంది.

ఇక పిల్లలెవరు అన్న ప్రశ్న. బడులు ఏటా పిల్లల వివరాలు నింపే ప్రభుత్వ డేటా వ్యవస్థ యూడైస్‌లో కులం, ఆడ మగ, వైకల్యం లాంటివి ఉంటాయి. బడికి బాగా పనికొచ్చే రెండు గడులు మీ పట్టికలో తప్పక ఉండాలి. ఒకటి, ఇంట్లో ఏ భాష. లంబాడీయో గోండీయో మాట్లాడే పిల్లకు ఒకటో తరగతి తెలుగంటే చదవడం ఒక్కటే కాదు, భాష కూడా కొత్తే. ఇటుక బట్టీల కోసం ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల పిల్లలకూ అంతే. రెండోది వలస. ఏ నెలలో వెళ్లారు, ఏ నెలలో తిరిగొచ్చారు. మూడు నెలలు లేని పిల్ల ఫలితాన్ని టీచర్ బోధనకు అంటగట్టడం అన్యాయం. ఆ మూడు నెలల సంగతి కాగితం మీద లేకపోతే జరిగేది సరిగ్గా అదే. ఒకే ఇంట్లో కొడుకు ప్రైవేటు బడి బస్సెక్కి, కూతురు ఇక్కడికొస్తోందా అన్నదీ రాసుకోండి. బడిలో ఆడపిల్లలు ఎక్కువుండటానికి కారణం అక్కడ దొరకొచ్చు.

ఒక్క జాగ్రత్త. కులాల వారీగా చదువు స్థాయిల్ని గోడకు అంటించకండి. ఎస్టీ పిల్లలు ఇద్దరే ఉన్న బడిలో 'ఎస్టీ: 0 శాతం' అని రాస్తే, అది ఎవరి పిల్లలో ఊరంతటికీ తెలిసిపోతుంది. పేర్లున్న పట్టిక హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) దగ్గరే ఉండాలి. తల్లిదండ్రులుండే బడి యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) సమావేశంలో మాత్రం తరగతికి ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో మనుషుల లెక్కలో చదివి వినిపించండి. తల్లిదండ్రులతో వాళ్ల పిల్ల సంగతి విడిగా, ఆ పిల్ల చేత చదివిస్తూ మాట్లాడండి.

పిల్లకు ఐదారు నిమిషాలు చొప్పున 34 మందికి మూడు గంటల పైనే పడుతుంది. ఒక్క రోజులో కానిస్తే ఆ రోజు పాఠం పోతుంది. రోజుకు ఏడుగురు చొప్పున పెట్టుకుంటే ఐదు రోజుల్లో అయిపోతుంది. జూన్ చివర్లో ఒకసారి, దసరా సెలవుల ముందు ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి. ప్రతిసారీ పేరా, కథ మార్చండి.