జోన్ కనబడితే బయట నుంచే విసరాలా? విశాఖ స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: ఒక బాస్కెట్‌బాల్ కోచ్, ఒక కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ), యూనివర్సిటీ జట్టుకు ఆడిన మాజీ పాయింట్ గార్డ్)

యాంకర్: నమస్కారం. మన విశాఖ మ్యాచ్‌ల్లో తరచూ కనబడేదే. అవతలి జట్టు 2-3 జోన్, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి ఎవరి చోటు వాళ్లు కాసే డిఫెన్స్, వేయగానే మనవాళ్లు బంతిని బయటే అటూ ఇటూ తిప్పి, చివరికి దూరం నుంచి విసిరేస్తారు. ఎందుకు సార్?

కోచ్: అక్కడ ఖాళీ కనిపిస్తుంది కాబట్టి. ఆ ఖాళీ అవతలివాళ్లు కావాలని వదిలిందే. మూడు పాయింట్ల గీత, అంటే 6.75 మీటర్ల నుంచి మనలో ఎంతమంది వేయగలరో వాళ్లకి బాగా తెలుసు.

మాజీ గార్డ్: అలా అని త్రీలు, అదే మూడు పాయింట్ల షాట్లు, మానేస్తే ఎలా సార్? వరసగా రెండు పడితే చాలు, వాళ్ల కోచ్ టైమవుట్ అడిగి మ్యాన్ టు మ్యాన్‌కి, అంటే ఒక్కొక్కరు ఒక్కొక్కరిని కాయడానికి, వచ్చేస్తాడు.

కోచ్: మానేయమనలేదమ్మా. బంతి ముందు లోపలికి వెళ్లాలి. బయటికొచ్చాక వేయండి.

పీడీ: పిల్లలు ఫోన్లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి వస్తారు, అదొకటి. అక్కడ 2001-02 సీజన్ నుంచి జోన్ ఒప్పుకున్నారు గానీ, డిఫెండర్ ఎవరినీ కాయకుండా పెయింట్‌లో, అంటే రింగ్ ముందు గీతల మధ్య ఉండే చోట, మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మనం ఆడేది అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్స్. ఇక్కడ సెంటర్, అంటే డిఫెన్స్‌లో వెనక మధ్యలో ఉండేవాడు, రింగ్ కింద ఎంతసేపైనా పాతుకుపోవచ్చు. మూడు సెకన్ల రూలు అటాక్ చేసేవాడికే. అక్కడ చూసినట్టు బంతితో రింగ్ మీదకి డ్రైవ్ ఇక్కడ చేస్తే నేరుగా ఆ సెంటర్ మీదకే వెళ్తారు.

యాంకర్: లోపలికంటే ఎక్కడికి? బోర్డు మీద చూపించండి సార్.

కోచ్: (మాగ్నెట్లు జరుపుతూ) ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. ఆ ఇద్దరికి వెనక, ఈ ముగ్గురికి ముందు, ఫ్రీ త్రో లైన్ దగ్గర, ఇదిగో, హై పోస్ట్. ఇక్కడ ఎవరి డ్యూటీయో తేలదు. బంతి ఇక్కడికొస్తే సెంటర్ పైకి రావాలి. వస్తే అతని వెనక బేస్‌లైన్, అంటే రింగ్ వెనక గీత పక్కన, ఖాళీ. రాకపోతే అక్కడి నుంచే షాట్. ముందున్న ఇద్దరూ లోపలికి జరిగితే వింగ్‌లో, అంటే కోర్టు పక్కవైపు, షూటర్ ఖాళీ. అప్పుడు వేయమ్మా నీ త్రీ!

మాజీ గార్డ్: (నవ్వుతూ) వేస్తా సార్. కానీ మనవాళ్లు హై పోస్ట్‌లో పట్టుకుని ఏం చేస్తారు? రింగ్‌కి వీపు పెట్టి, వచ్చిన దారినే గార్డ్‌కి తిరిగిచ్చేస్తారు.

కోచ్: అసలు జబ్బు అదే. పట్టుకోగానే రింగ్ వైపు తిరిగిపోవాలి. నన్నడిగితే అక్కడ మంచి పాసర్‌ని పెడతా. ఎత్తు సంగతి తర్వాత.

పీడీ: ఎత్తు లేకపోతే ఆ పాస్ అందాలి కదా సార్. ముందున్న ఇద్దరూ చేతులు చాపితే దారేది?

మాజీ గార్డ్: ఫేక్ ఉందిగా! కార్నర్‌కి ఇస్తున్నట్టు బంతి చూపిస్తే ముందున్న డిఫెండర్ చేయి అటు లేస్తుంది. ఆ చంక కింద నుంచి బౌన్స్ పాస్. జోన్‌లో ఐదుగురూ బంతినే చూస్తుంటారు, కాబట్టి ఒక్క ఫేక్‌కి ఐదుగురూ ఊగుతారు. వాళ్ల తలలు గమనించండి, అన్నీ ఒకే వైపు. బేస్‌లైన్ వెంట వెనక నుంచి పరిగెత్తే మనిషి వాళ్లకి కనపడడు.

యాంకర్: మరి 2-3కి కార్నరే బలహీనం అంటారు కదా?

పీడీ: 2003లో అమెరికా కాలేజీ జట్ల ఎన్‌సీఏఏ ఫైనల్ చూడండి. జిమ్ బోహైమ్ కోచ్‌గా ఉన్న సిరక్యూస్‌ది ఆ 2-3 జోనే. చివరి క్షణాల్లో కాన్సస్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, మైకేల్ లీ కార్నర్‌లో ఖాళీగా దొరికాడు. షాట్ లేచింది. లోపలి నుంచి హకీమ్ వారిక్ దూసుకొచ్చి బ్లాక్ చేశాడు. స్కోరు 81-78.

కోచ్: అదీ సంగతి. కార్నర్ ఖాళీ అనేది పాస్ గాల్లో ఉన్నంతసేపే. ఈ వింగ్ నుంచి ఆ కార్నర్‌కి మధ్యవాళ్లని దాటించే స్కిప్ పాస్ విసురుగా పోవాలి. తేలుతూ పోతే డిఫెండర్ తాపీగా వచ్చేస్తాడు. పైగా మనవి ఎక్కువగా ఓపెన్ కోర్టులు. సాయంత్రం సముద్రం గాలికి ఆ పాస్ ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

యాంకర్: షాట్ వేయడానికి ఉండేది 24 సెకన్లే కదా, ఇదంతా అందులో అయ్యే పనేనా?

పీడీ: 24 ఎక్కడున్నాయండీ! తెలివైన జట్టు ముందు మన సగంలోనే మీదకొచ్చి అడ్డుకునే ఉత్తుత్తి ప్రెస్ వేస్తుంది. సగం కోర్టు దాటడానికి ఉన్న 8 సెకన్లూ దాదాపు అక్కడే అయిపోతాయి. అప్పుడు జోన్‌లోకి జారుకుంటుంది. అందుకే రీబౌండ్, అంటే షాట్ తప్పి తిరిగొచ్చిన బంతి, దొరికిందా, పరిగెత్తాలి. వాళ్లు జోన్ కట్టుకోకముందే వేసేస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

మాజీ గార్డ్: షాట్ పోయినా దిగులు లేదు. జోన్‌లో ఎవరు ఎవర్ని బాక్స్ అవుట్, అంటే రీబౌండ్‌కి రాకుండా వీపుతో అడ్డుకోవడం, చేయాలో ముందే తేలి ఉండదు. నేనైతే ముగ్గుర్ని రీబౌండ్‌కి పంపిస్తా. రింగ్ తగిలి మనకే దొరికితే క్లాక్‌లో మళ్లీ 14 వస్తాయి.

కోచ్: ముగ్గురా? వాళ్లకి దొరికితే వెనక కాసేదెవరు? షాట్‌కి అవతలి వైపు నుంచి ఇద్దరు చాలు.

మాజీ గార్డ్: ఇద్దరితో కుదరదు సార్. రింగ్ కింద ముగ్గురు నిలబడి ఉంటారు.

యాంకర్: ఇది ఇప్పట్లో తేలేలా లేదు. చిన్న బ్రేక్ తీసుకుని 1-3-1 జోన్ సంగతి చూద్దాం.