మిరపకాయ వేయకుండా మిర్చి యార్డు వేద్దాం

నమస్తే అండీ. గుంటూరులో ఇప్పుడు ఉదయం ఆరున్నర. ఇంత పొద్దున్నే ఎందుకంటే, వేసవిలో తొమ్మిది దాటితే మన ఊళ్లో కాగితం మీద తడి నిలవదు. ఫ్యాన్ కూడా ఆపేశాను. చెమట పడితే పట్టింది లెండి. ఫ్యాన్ గాలికి కాగితం ఒక మూల ఆరిపోయి ఇంకో మూల తడిగా ఉంటే రంగు మన మాట వినదు.

ఈరోజు వాటర్ కలర్స్‌తో అబ్‌స్ట్రాక్ట్ వేద్దాం, అంటే వస్తువుల రూపం గీయకుండా వాటి అనుభూతిని రంగుల్లో పట్టుకోవడం. బొమ్మలు రానివాళ్లు వేసేదే అబ్‌స్ట్రాక్ట్ అని నేనూ అనుకునేవాణ్ణి. మొదటిసారి మిర్చి యార్డు వేయమంటే టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, హమాలీలు, లారీ, ఏదీ వదలకుండా వేసి తీసుకెళ్లాను. మా మాస్టారు చూసి, "బాగుందిరా, మరి దగ్గేది?" అన్నారు. నిజమే కదా! సీజన్లో యార్డులోకి అడుగుపెడితే కంటికి ఏదైనా ఆనేలోపే గొంతు పట్టేస్తుంది. మనం వేయాల్సింది ఆ ఘాటు. కాయ ఒక్కటి కూడా వేయొద్దు.

కాగితం మాత్రం 300 జీఎస్ఎంది, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటిది తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు తడికి అప్పడంలా లేస్తుంది. ఖరీదనిపిస్తే ఒక షీటును నాలుగు ముక్కలు చేసుకోండి, నేనూ అదే చేస్తాను. నాలుగు అంచులూ టేపుతో అట్టకు అంటించండి. రంగులు నాలుగు చాలు: క్రిమ్‌సన్, ఆరెంజ్, ఎల్లో ఆకర్, అల్ట్రామెరీన్ బ్లూ. ఒక వెడల్పు బ్రష్, ఒక గుండ్రటి బ్రష్, పాత నూలుపంచె ముక్క.

ముందు వెడల్పు బ్రష్‌తో కాగితమంతా మంచినీళ్లు పూయండి. ఇప్పుడు కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. కెమెరా కాస్త దించమ్మా... ఆ, అక్కడ. అద్దంలా మెరుస్తోందా? ఇప్పుడు రంగు పెడితే ఎటుపడితే అటు పారిపోతుంది. ఆగండి. మెరుపు కొంచెం తగ్గి పట్టుబట్టలా కనిపించాలి. ఈరోజు మీరు ఇదొక్కటి పట్టుకున్నా చాలు, మిగతాదంతా నెమ్మదిగా వస్తుంది.

వచ్చింది. క్రిమ్‌సన్ చిక్కగా తీసుకుని కింద ఎడమవైపు ఆనించి వదిలేయండి. రుద్దకండి. చూశారా, అంచు దానంతటదే ఎలా పాకుతోందో! పక్కన ఆరెంజ్. రెండూ కలిసే చోట బ్రష్ పెట్టకండి, వాటి సంగతి అవి చూసుకుంటాయి. ఆరాక రంగు ఒక మెట్టు తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు కాస్త ఎక్కువైందనిపించేంత వేయండి. అంతా ఎరుపే అయితే కంటికి మంట తెలియదు. ఎరుపు చివర కొంచెం అల్ట్రామెరీన్ తగిలించండి, అక్కడ వంగపండు రంగు నీడ దిగుతుంది. గోనెసంచి గుర్తుగా పైన ఎల్లో ఆకర్ పలచగా.

ఇక్కడే అందరి చెయ్యీ దురద పెడుతుంది. రంగు సగం ఆరాక, ఇంకాస్త బాగుచేద్దామని తడి బ్రష్ పెడతారు. పెట్టి చూపిస్తాను, చూడండి. కొత్త నీళ్లు పాత రంగును బయటికి తోసేసి, అంచు పళ్లు పళ్లుగా తేలింది. దీన్ని కాలీఫ్లవర్ అంటారు. తెలియక పడితే మచ్చ. కావాలని వేసుకుంటే మాత్రం నాకిష్టం, దగ్గు తెర విచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లోంచి రాళ్లుప్పు. తడి మెరుపు పోతూ ఉన్నప్పుడు ఒక చిటికెడు చల్లండి. ప్రతి రవ్వా చుట్టూ ఉన్న తడిని లాక్కుని తెల్లటి చుక్క మిగులుస్తుంది. మరీ తడిగా ఉంటే ఉప్పు కరిగిపోతుంది, ఆరిపోయాక చల్లితే ఉత్త ఉప్పే. యార్డులో కాయలు గ్రేడు చేసేటప్పుడు తాలుకాయలు పక్కకు ఏరేస్తారు చూడండి, పాలిపోయి ఉంటాయే, నాకు ఈ చుక్కలు అవే. కాబట్టి మూలమూలకీ చల్లను, ఎరుపు బాగా చిక్కగా ఉన్నచోటే.

అట్టను బల్లమీద సమంగా ఉంచి వదిలేయండి. డ్రయ్యర్ పెట్టొద్దు, ఎండలో అసలే పెట్టొద్దు. కాగితం వెనకవైపు చల్లగా తగులుతుంటే ఇంకా ఆరలేదని అర్థం. పూర్తిగా ఆరాక ఉప్పును వేలితో దులిపేసి, టేపును అంచు బయటివైపుకు మెల్లగా లాగండి. తొందరపడి పైకి గుంజితే కాగితం పొర కూడా లేచొస్తుంది. ఇదిగో, మొన్నటి నా బొమ్మ చూడండి, కుడివైపు అంచు ఎలా ఊడిందో.