స్వాతంత్ర్య ప్రకటనపై మొదట అచ్చయినవి రెండే పేర్లు: రెండో పేరును ఎందుకు మరిచారు?

నమస్కారం. 1776 జూలై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్లాప్ అచ్చువేసిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ప్రతిని చూడండి. అందులో, తర్వాత సంతకాలు చేసిన 56 మంది పేర్లన్నీ లేవు, రెండే ఉన్నాయి: వలసల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు జాన్ హాన్‌కాక్, కార్యదర్శి చార్లెస్ థామ్సన్. మిగిలినవారిలో అధికులు సంతకం చేసింది ఆగస్టు 2న. వారి పేర్లు అచ్చులో ప్రజల ముందుకు వచ్చింది 1777 జనవరిలో. అయినా, సంతకం చేయలేదు కనుక థామ్సన్ దేశ నిర్మాత కాడని ఇప్పటికీ వాదించేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన ఆ సభలో ప్రతినిధి కాదు కనుక చేవ్రాలు చేయలేదు. అంతమాత్రాన ఆ రెండో పేరు చెరిగిపోతుందా?

1729లో ఐర్లండ్‌లోని డెర్రీ ప్రాంతంలో పుట్టి, పదేళ్ళ ప్రాయంలో నడిసముద్రంలో తండ్రిని పోగొట్టుకొని, అమెరికా తీరాన అనాథగా దిగిన ఆ బాలుడు, ఫ్రాన్సిస్ ఆలిసన్ బడిలో చదువుకొని ఫిలడెల్ఫియా అకాడమీలో లాటిన్ బోధించే స్థాయికి ఎదిగాడు. 1757లో ఈస్టన్‌లో వలస పాలకులకూ ఆదివాసీ తెగలకూ నడుమ చర్చలు జరిగినప్పుడు, తెల్లవారి రాతలను నమ్మలేని డెలవేర్ తెగ నాయకుడు టీడియుస్కంగ్ తన తరఫున రాతకోతలకు ఎంచుకున్నది ఈ ఉపాధ్యాయుణ్ణే. ఆ తెగవారు ఆయనను తమవాడిగా స్వీకరించి, ‘నిజం చెప్పేవాడు’ అని అర్థమొచ్చే పేరు పెట్టారు. వారి భూములను ఎలా కాజేశారో 1759లో ఆయన పుస్తకంగానే వెలువరించాడు.

1774 నుంచి 1789 వరకు కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షులు వస్తూ పోతూ ఉన్నారు, కార్యదర్శి మాత్రం ఆయనొక్కడే. 1782లో అమెరికా రాజముద్రకు (గ్రేట్ సీల్‌కు) తుదిరూపమిచ్చి, అమెరికా గద్దను నడుమ నిలిపి, రోమన్ కవి వర్జిల్ కవిత్వం నుంచి రెండు లాటిన్ నినాదాలను మలచింది కూడా ఆయనే. నేటికీ ఒక డాలరు నోటు వెనుక ఉన్నవి ఆ లాటిన్ పంతులు ఎంచిన మాటలే!

ఆయన మరుగున పడటానికి కారణం, నా దృష్టిలో, ఆయన చేతులతోనే జరిగింది. విప్లవ చరిత్రను వెయ్యికి పైగా పుటలలో రాసి, ఆ రాతప్రతిని ఆయనే నాశనం చేశాడు. ‘నిజం చెప్పేవాడు’ తోటి నాయకుల పరువు తీసే నిజాన్ని బయటపెట్టలేకపోయాడు, తీపి అబద్ధాన్ని రాయలేకపోయాడు, మౌనాన్ని ఎంచుకున్నాడు. 1789 ఏప్రిల్‌లో జార్జ్ వాషింగ్టన్ నివాసమైన మౌంట్ వెర్నన్‌కు వెళ్ళి, దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారని ఆయనకు స్వయంగా తెలియజేసిన ఆ మనిషి, కొద్ది నెలలకే పదవి వదిలి, హారిటన్ అనే తన ఇంట కూర్చొని గ్రీకు బైబిలును ఇంగ్లీషులోకి అనువదించాడు. 1808లో వెలువడిన ఆ నాలుగు సంపుటాల మీద మాత్రం ఆయన పేరు ఉంది.