బడి గేటు ముందు మోరీ నుంచి మొదలుపెడదాం

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

నీటి కాలుష్యం పాఠం రాగానే మనం బోర్డు మీద కారణాలు, నివారణ చర్యలు రాయించేస్తాం. పిల్లలకు మార్కులూ వస్తాయి. కానీ బడి గేటు ముందు మోరీలో పారే నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగి చూడండి, చాలామంది చెప్పలేరు. పాఠం అక్కడ మొదలవ్వాలి. హైదరాబాద్‌లో అయితే మోరీ నాలాలో కలుస్తుంది, నాలా చెరువులోకి, చెరువు అలుగు పారితే కింది చెరువులోకి, చివరికి మూసీలోకి. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ దారంతా పిల్లలు కాగితం మీద గీశారంటే వాటర్‌షెడ్‌కు, అంటే పడిన నీళ్లన్నీ ఒకే చెరువుకో నదికో చేరే ప్రాంతానికి, వేరే నిర్వచనం అక్కర్లేదు.

ఇక పరిష్కారం. హైదరాబాద్‌లోని నెక్నాంపూర్ చెరువులో నీళ్లను శుభ్రం చేయడానికి 2018లో తేలే మొక్కల దీవి వేశారు. అడుగున వెదురు, థర్మోకోల్, పైన గోనెసంచులు, కంకర. అందులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటి మొక్కలు. మట్టి ఉండదు, వేళ్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. పిల్లలకు చూపించాల్సింది ఆ వేళ్లనే. ఒక వట్టివేరు మొక్కను గాజు సీసాలో, చెరువు నీళ్లలో కొన్ని వారాలు ఉంచండి. వేళ్ల చుట్టూ జిగురుగా ఒక పొర కడుతుంది. అసలు పని ఎక్కువగా చేసేది ఆ పొరలోని బాక్టీరియా. మురికిని విడగొడుతుంది, అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని చోట మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. మొక్క తన వంతుగా కొంత నైట్రోజన్, ఫాస్ఫరస్ పీల్చుకుంటుంది.

ఇక్కడే చాలా పాఠాలు ఆగిపోతాయి, నాకు బాధ కలిగేది అదే. మొక్క పీల్చుకున్నది మొక్కలోనే ఉంటుంది. కోసి గట్టుకు చేర్చకపోతే, కుళ్లి మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది. గుర్రపుడెక్క పేరుకుపోయిన చెరువుల్లో జరుగుతున్నది ఇదే. పైగా కాలనీల మురుగంతా వచ్చి పడుతుంటే ఒక్క దీవి ఏం చేయగలదు? శుద్ధి కేంద్రం ఉండాల్సిందే. ఫ్యాక్టరీ రసాయనాలను ఫ్యాక్టరీలోనే ఆపాలి. ఇవి చెప్పకుండా "మొక్కలు నాటితే చెరువు బాగుపడుతుంది" అనేస్తే పిల్లలను తప్పుదారి పట్టించినట్టే.

అందుకే పిల్లలు గీసిన మ్యాప్‌ను మళ్లీ వాళ్ల ముందే పెట్టండి. పొలాల ఎరువు కొట్టుకొచ్చే చోట గడ్డి పట్టీ వేయాలా, నాలా చెరువులో పడే చోట జమ్ము పెంచాలా, ఏ మురుగును అసలు రానివ్వకూడదు, వాళ్లనే తేల్చమనండి. వాదించుకోనివ్వండి. మ్యాప్ పూర్తయ్యాక పంచాయతీకో వార్డు ఆఫీసుకో పిల్లలతోనే ఇప్పించండి.